తెల్లవారుజామున కన్ను ఎందుకు మూతపడును?

కొల్లేటి ప్రాంతమున కైకలూరు, ఆకివీడుల చుట్టును చేపల చెరువులు విస్తారముగా ఉన్నవి. ఆ చెరువులలో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలను పెట్టెలలో ఐసుముక్కల నడుమ పేర్చి లారీలకు ఎక్కించుదురు. లారీ 16వ నంబరు జాతీయ రహదారి పట్టి, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, భువనేశ్వరము మీదుగా బెంగాలు చేరవలెను. దూరము వేయి కిలోమీటర్లకు పైమాట. బండి నిలిచినను ఐసు కరగుట నిలువదు. కావున రాత్రియని, పగలని లేక లారీ నడువవలసినదే.

అట్టి లారీని ఇరువది సంవత్సరములుగా నడుపుచున్న ఒకరి కుమారుడు మా కళాశాలలో చదువుకొనుచున్నాడు. ఆ తండ్రి ఒకనాడు ఫీజు కట్టుటకు వచ్చి, నేను జీవశాస్త్రము చెప్పుదునని విని, కొంత సంకోచించి ఒక ప్రశ్న అడిగినారు.

"మాస్టారూ, పగలు పడుకుని లేచే బండెక్కుతాను. రెండింటికి టీ తాగుతాను, మొహం కడుక్కుంటాను. అయినా నాలుగయ్యేసరికి కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి. అదే ఆరు దాటి తెల్లారిందంటే మళ్ళీ కాస్త హుషారు. రాత్రంతా మేలుకున్నాను కదా, తెల్లారాక నిద్ర ఇంకా ఎక్కువ రావాలి గాని, తగ్గడమేమిటండీ? నాలుగింటికి వచ్చే నిద్ర నా బద్ధకమేనంటారా?"

ఈ ప్రశ్నలో గొప్ప శాస్త్రవిషయమున్నది. నిద్ర అనునది అలసటవలన మాత్రమే కలుగునదైనచో, మేలుకొన్న కొలదియు అది పెరుగుచునే పోవలెను. తెల్లవారిన తరువాత తగ్గుటకు వీలులేదు. కాని తగ్గుచున్నది. రాత్రి మేలుకొని పరీక్షకు చదివిన ప్రతి విద్యార్థియు ఈ సంగతి ఎరుగును. కావున నిద్రకు అలసట కాక మరియొక కారణము కూడ ఉండవలెను. అది ఏమియో తెలిసికొన్నచో, రాత్రిపూట పనిచేయువారి కష్టము మనకు బోధపడును.

నిద్రను తెచ్చు రెండు శక్తులు

మొదటిది నిద్రబాకీ. మనము మేలుకొనియున్నంతసేపు మెదడు పనిచేయుచునే ఉండును. ఆ పనికి కావలసిన శక్తి ఏ.టి.పి. అను పదార్థమునుండి లభించును. ఆ పదార్థము ఖర్చగుచుండగా అడినోసిన్ అను రసాయనము మెదడులో క్రమక్రమముగా పేరుకొనును. నాడీకణములపై దీనికి తగిన గ్రాహకములు కలవు. తాళములో తాళపుచెవి అమరినట్లు అడినోసిన్ వానిలో అమరి, కణముల చురుకుదనమును తగ్గించును. ఎంత ఎక్కువసేపు మేలుకొన్నచో అంత ఎక్కువ బాకీ. నిద్రపోయినపుడు అడినోసిన్ తగ్గిపోవును, బాకీ తీరును.

కాఫీ, టీలలోని కెఫీన్ చేయు పని ఇచ్చట స్పష్టపడును. కెఫీన్ అణువు ఆకారమున అడినోసిన్‌ను కొంత పోలియుండును. అది ముందుగా పోయి గ్రాహకములలో కూర్చుండును; అడినోసిన్‌కు చోటుండదు. అంతియేగాని పేరుకొన్న అడినోసిన్ ఎచటికిని పోలేదు. టీ త్రాగినవాడు బాకీ తీర్చలేదు. బాకీవాడు తలుపు తట్టుచుండగా లోపల గడియ వేసికొన్నాడు. కెఫీన్ ప్రభావము తగ్గిన వెంటనే తలుపు తెరచుకొనును.

రెండవది జీవగడియారము. మనము ఎంతసేపు మేలుకొంటిమో దీనికి పట్టదు. ఇప్పుడు రాత్రియా, పగలా అనునదే దీని లెక్క. పగటివేళ ఇది మనలను మేలుకొలుపుచుండును. రాత్రివేళ ఆ ప్రోత్సాహమును ఉపసంహరించుకొనును. ఈ రెండు శక్తుల కలయికచే నిద్ర ఎట్లు ఏర్పడునో 1982లో స్విట్జర్లాండు శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ వివరించెను.

ఇప్పుడు డ్రైవరుగారి ప్రశ్నకు సమాధానము తొంగిచూచుచున్నది. తెల్లవారుజామున నిద్రబాకీ హెచ్చుగానున్నది; గడియారపు ప్రోత్సాహము అతి తక్కువగానున్నది. రెండును ఒకేసారి కూడి కన్నులపై పడును. తెల్లవారిన పిమ్మట బాకీ అట్లేయున్నను, గడియారము మరల మేలుకొలుపు పాడ మొదలిడును. కావుననే ఆ హుషారు. అది బాకీ తీరినందువలన కలిగినది కాదు.

అత్తిపత్తి చెప్పిన రహస్యము

శరీరములో గడియారమున్నదనుట ఉపమానము మాత్రమేనా? కాదు. దీనికి మొదటి సాక్ష్యము మనకు చిరపరిచితమైన అత్తిపత్తివంటి మొక్కనుండి లభించినది. ఈ మొక్క ఆకులు పగలు విప్పారి, రాత్రి ముడుచుకొనును. సూర్యకాంతియే ఇందుకు కారణమని ఎవరైనను అనుకొందురు. 1729లో ఫ్రాన్సు దేశపు ఖగోళశాస్త్రవేత్త ద మేరాన్ అట్టి మొక్కను చీకటిలో ఉంచి చూచెను. వెలుతురు సోకకున్నను పగటివేళ ఆకులు విప్పారుచునే ఉండెను. మొక్క సూర్యుని చూడకయే పగలు ఏదో, రాత్రి ఏదో ఎరుగుచుండెను.

మరి మనుష్యుని సంగతి? 1938లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు నతానియేల్ క్లైట్మన్, తన శిష్యుడు బ్రూస్ రిచర్డ్‌సన్‌తో కూడి కెంటకీ రాష్ట్రమునందలి మామత్ గుహలో 32 దినములు గడపెను. అచట సూర్యోదయాస్తమయములు లేవు. దినమునకు 24 గంటలు కాక 28 గంటలని వారొక నియమము పెట్టుకొనిరి. అనగా వారమునకు ఏడు దినములకు బదులు ఆరే దినములు. యువకుడైన శిష్యుని శరీరోష్ణత కొలది దినములలో 28 గంటల క్రమమునకు అలవడెను. కాని నలుబది దాటిన గురువుగారి శరీరము 24 గంటల క్రమమును ఎంతకును విడువలేదు. కొత్త నియమము ప్రకారము మెలకువగా ఉండవలసిన వేళ ఆయనకు నిద్ర వచ్చుచుండెను. నిద్రింపవలసిన వేళ పట్టకుండెను. మెదడుకు తెలిసిన నియమము శరీరమునకు పట్టలేదన్నమాట!

1960వ దశకమున జర్మనీలో యూర్గెన్ ఆషాఫ్, కాలము తెలియరాని భూగర్భగృహములో మనుష్యులనుంచి పెక్కు పరిశీలనలు చేసెను. మన దేశమునను మధురై కామరాజ్ విశ్వవిద్యాలయమున ఆచార్య ఎం. కె. చంద్రశేఖరన్, ఆయన సహచరులు అట్టి గదిని ఏర్పరచి మనుష్యులపైనను, చీకటి గుహలలోని గబ్బిలములపైనను పరిశోధనలు సాగించిరి. వీనివలన తేలినదేమన: గడియారము చూడకున్నను, సూర్యుడు కనపడకున్నను, మన నిద్రామెలకువలు ఇంచుమించు 24 గంటల క్రమమును పాటించును. సరిగా 24 కాదు. సగటున అంతకు కొలది నిమిషములు ఎక్కువ. ఆ కొలది తేడాను ప్రతిదినము సరిచేయునది సూర్యకాంతి.

గడియారము ఎచట ఉన్నది?

రెండు కన్నులనుండి బయలుదేరు దృష్టినాడులు మెదడు అడుగుభాగమున ఒకదానినొకటి దాటును. ఆ కూడలికి సరిగా పైన, హైపోథలమస్ అను భాగములో, ఆవగింజకంటె పెద్దవి కాని రెండు కణసమూహములు కలవు. రెండింటిలో కలిపి సుమారు 20,000 నాడీకణములుండును. ఇదియే ప్రధానమైన గడియారమని 1972లో తెలియవచ్చినది. దీనిని తొలగించిన ఎలుకలు నిద్రపోవుట మానలేదు. కాని వేళాపాళా లేక నిద్రించినవి.

ఈ కణములలో కొన్ని జీనులు ప్రోటీనులను తయారుచేయించును. ఆ ప్రోటీనులు తగినంత పోగుపడినపుడు, తమను తయారుచేయించిన జీనులనే అణచివేయును. తరువాత ప్రోటీనులు క్షీణించును. జీనులు మరల పనికి పూనుకొనును. ఈ చక్రము ఒకమారు తిరుగుటకు సుమారు ఒక దినము పట్టును. పండ్ల ఈగలలో ఈ రహస్యమును విప్పినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అను ముగ్గురు 2017లో నోబెల్ బహుమానమందిరి.

ఈ గడియారము శరీరమంతటికిని ఆజ్ఞలు పంపును. చీకటి పడిన పిమ్మట పీనియల్ గ్రంథిచే మెలటోనిన్ అను హార్మోనును విడుదల చేయించును. ఇది 'రాత్రి అయినది' అని దేహమునకు చాటింపు వేయుటవంటిది. శరీరోష్ణత సాయంకాలము హెచ్చుగానుండి, తెల్లవారుజామున నాలుగైదు గంటల ప్రాంతమున కనిష్ఠమునకు దిగును. ఆ వేళకే చురుకుదనమును, జ్ఞాపకశక్తియు, చేతుల వేగమును కూడ అడుగంటును. మధ్యాహ్న భోజనానంతరము రెండు మూడు గంటలకు కలుగు చిన్న కునుకుపాటు కూడ కొంతవరకు ఈ గడియారపు పనియే. భోజనముదే తప్పు కాదు. పశ్చిమదేశములలో పరిశీలింపగా నిద్రవలన జరుగు రోడ్డు ప్రమాదములు ఈ రెండు వేళలయందే అధికముగా కనపడినవి.

గడియారమును త్రిప్పరాదా?

'ప్రతిదినము రాత్రి పనిచేసినచో శరీరమే అలవాటు పడదా?' అని మీరు అడుగవచ్చును. విమానమెక్కి అమెరికా పోయినవాడు కొన్ని దినములలో ఆ దేశపు వేళలకు అలవాటు పడుచున్నాడు కదా! గడియారము దినమునకు సుమారొక గంట చొప్పున జరుగగలదు. కాని ఆ ప్రయాణికునికి అచటి సూర్యుడు తోడ్పడుచున్నాడు. రాత్రి పనివానికి సూర్యుడే శత్రువు.

కంటిలో చూపునకు ఉపయోగపడు కణములు కాక, కాంతిని కొలిచి గడియారమునకు వార్త పంపు ప్రత్యేక కణములు కలవని 2002లో తెలిసినది. ఇవి పగటి వెలుగులోని నీలికాంతికి మిక్కిలి చలించును. రాత్రియంతయు లారీ నడపినవాడు ఉదయము ఎదురెండలో మరి రెండు గంటలు నడపి బండి ఆపును. ఆ వెలుగు అతని గడియారమును మరల పగటివైపే త్రిప్పివేయును. పడుకొన్నను లోపల గడియారము 'లే, లే' అని తట్టుచుండును. అందుచే పగటినిద్ర రాత్రినిద్రకంటె సాధారణముగా ఒకటి మొదలు నాలుగు గంటల వరకు తక్కువగుచున్నది. తరచు చెదరుచున్నది కూడ.

దీనికి తోడు ఎండ. 'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అని మన సామెత. నిజమే, డ్రైవరు లారీ క్రింద గోనెపట్టా పరచుకొని అయినను కన్నుమూయగలడు. కాని నిద్ర పట్టుట వేరు, నిలుచుట వేరు. నిద్ర నిలుచుటకు శరీరోష్ణత కొంత దిగవలెను. మే నెలలో ఇంజను వేడితో కూడిన క్యాబినులో అది ఎట్లు దిగును? 2025 అక్టోబరు 1 నుండి తయారగు పెద్ద లారీల క్యాబినులకు ఎయిర్ కండిషనింగు ఉండవలెనని ప్రభుత్వము నియమము చేసినది. ఇది సౌఖ్యమునకై చేసినదని కొందరు తలపవచ్చును. నిజమునకు ఇది భద్రతకు సంబంధించినది.

ఇంటివద్దనున్న దినములలోనైనను డ్రైవరుకు శాంతి తక్కువ. పగలు ఇల్లంతయు మేలుకొనియుండును. చుట్టములు వత్తురు, ఫోను మ్రోగును, బ్యాంకు పని, రేషను పని పగలే చేసికొనవలెను. డ్రైవరుగారు 'పగలు పడుకుని లేచే' అన్నమాట నిజము. ఆ పడుకొన్న గంటలలో నిద్ర ఎంతయో ఆయన లెక్కించియుండరు.

స్టీరింగు వెనుక జరుగునదేమి?

నిద్ర మనిషిని ఒక్కసారిగా పడవేయదు. ముందుగా చిన్న చిన్న కునుకులు వచ్చును. ఒక్కొక్కటి కొన్ని సెకనులు మాత్రమే. కొన్నిమార్లు కన్నులు తెరచియే ఉండును, మెదడు చూడదు. మేలుకొనియున్న ఎలుకల మెదడులో సయితము కొన్ని నాడీకణములు క్షణకాలము నిద్రాస్థితిలోనికి జారుచుండుటను 2011లో కనుగొనిరి. అనగా మెదడు ముక్కలు ముక్కలుగా కూడ నిద్రింపగలదు.

ఒక చిన్న లెక్క వేయుదము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు లారీ సెకనుకు 16.7 మీటర్లు పోవును. డ్రైవరు 4 సెకనులు కునికినచో, 67 మీటర్ల దూరము ఆ లారీని ఎవరును నడుపుటలేదు. వేగము 80 కిలోమీటర్లయినచో ఆ దూరము 89 మీటర్లు. ఎదుట లైట్లు లేక నిలిపిన మరియొక లారీయో, రోడ్డు దాటుచున్న మనిషియో ఉన్నచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. నిద్రవలన జరిగిన ప్రమాదములలో రోడ్డుపై బ్రేకు గుర్తులు తరచు కానరావు. బ్రేకు వేయవలసినవాడు ఆ క్షణమున అచట లేడు.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ ఒక పోలిక తీసిరి. 17 గంటలు ఎడతెగక మేలుకొన్నవారి చేతి నేర్పు, రక్తములో 0.05 శాతము మద్యమున్నవారితో సమానముగా తగ్గినది. 24 గంటలు మేలుకొన్నచో అది సుమారు 0.10 శాతము మద్యమునకు సమానమైనది. మన దేశపు మోటారు వాహనముల చట్టము ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు, అనగా 0.03 శాతమునకు, మించి మద్యమున్నవాడు బండి నడుపరాదు. ఉదయము 6 గంటలకు లేచి, పగలెల్ల లోడుకొరకు కాచుకొని, సాయంకాలము బయలుదేరిన డ్రైవరుకు రాత్రి 11 గంటలకే 17 గంటల మెలకువ పూర్తియగును. చుక్క త్రాగని ఆ మనుష్యుడు, ఆ పోలిక ప్రకారము, త్రాగినవానితో సమానుడై తెల్లవారుజామునకు చేరుచున్నాడు. మద్యమును పట్టుటకు ఊదుడు యంత్రమున్నది. నిద్రలేమిని పట్టుటకు అట్టి యంత్రము పోలీసుల చేతిలో లేదు.

ఇంకొక ప్రమాదమున్నది. నిద్రలేమిగలవాడు తన స్థితిని తాను సరిగా అంచనా వేయజాలడు. అంచనా వేయవలసిన మెదడే మందగించియున్నది. 'ఇంకొక అరగంట నడిపి ఆపుదము' అను మాట ఆ మందగించిన మెదడు చెప్పు మాట.

ఏది పనిచేయును? ఏది చేయదు?

ముఖము కడుగుకొనుట, అద్దము దించి చల్లగాలి పీల్చుట, పాటలు పెట్టుట, మిరపకాయ కొరుకుట, బీడీ కాల్చుట మొదలగునవి డ్రైవర్లు ఎరిగిన ఉపాయములు. మన రహదారులపై పోలీసువారు కూడ రాత్రివేళ బండ్లను ఆపి డ్రైవర్లచే ముఖము కడిగించి పంపుట కలదు. చల్లగాలి, రేడియోలను ఇంగ్లండులో పరీక్షించి చూడగా, వాని ప్రభావము స్వల్పమనియు, కొలది నిమిషములకంటె నిలువదనియు తేలినది. కావున ముఖము కడుగుకొనుటవలన కలుగు మేలు ఒక్కటే: బండి ఆపుటకు తగిన చోటు వెదకుకొను వ్యవధి లభించును. అది ప్రయాణము కొనసాగించుటకు అనుమతి కాదు.

నిజముగా పనిచేయునవి రెండే. మొదటిది నిద్ర. 15 లేక 20 నిమిషముల కునుకు సయితము కొంత బాకీ తీర్చును. అంతకంటె ఎక్కువసేపు పడుకొని నడుమ లేచినచో తల బరువుగానుండును; కావున లేచిన పిదప పది పదునైదు నిమిషములు ఆగి బండి ఎక్కవలెను. రెండవది కెఫీన్. అయితే ఇది రక్తములో కలిసి మెదడు చేరుటకు సుమారు అరగంట పట్టును. ఈ రెండు సంగతులను జోడించి ఇంగ్లండు శాస్త్రవేత్తలు రేనర్, హార్న్ 1997లో ఒక ఉపాయమును పరీక్షించిరి. ముందు కాఫీ త్రాగి, వెంటనే 15 నిమిషములు కన్నుమూయవలెను. నిద్ర కొంత అడినోసిన్‌ను తగ్గించును. లేచు సమయమునకు కెఫీన్ గ్రాహకములను చేరును. ఒక్కొక్కటి విడివిడిగా చేయు మేలుకంటె రెండును కలిసి చేయు మేలు ఎక్కువయని తేలినది. మన డ్రైవర్లు టీ త్రాగి వెంటనే బండి ఎక్కుదురు. టీ త్రాగి, బండి ఎక్కక, కన్నుమూయవలెను! కాని ఈ ఉపాయమును గంట రెండు గంటలకే పనికివచ్చును. తెల్లవారుజామున ఎక్కువ టీ త్రాగినచో ఆ కెఫీన్ పెక్కు గంటలు శరీరములోనుండి పగటినిద్రను చెరచును.

గురక ఎక్కువగా పెట్టుచు, పడుకొని లేచినను అలసట తీరనివారు వైద్యుని చూడవలెను. నిద్రలో గొంతు మూసికొని ఊపిరి ఆగుచుండు వ్యాధివలన గంటలు నిండినను నిద్ర నిండదు. నిద్ర రాకుండుటకు మాత్రలు మ్రింగుట మాత్రము అన్నిటికంటె హానికరము.

చట్టము, రహదారి, యజమాని

ఇంతవరకు చెప్పినదంతయు డ్రైవరు చేయవలసినది. కాని ఐసు కరగుట, బజారు వేళ, బాడుగ కోత ఆయన చేతిలో లేవు. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటల పనియనియు, 5 గంటల పని పిదప అరగంట విశ్రాంతియనియు సూత్రము చేసినది. 2025 నవంబరులో దాని స్థానమున అమలునకు వచ్చిన కార్మిక స్మృతియు 8 గంటల సూత్రమునే నిలిపినది. ఐరోపా సమాఖ్య దేశములలో నాలుగున్నర గంటలు నడిపిన పిదప 45 నిమిషములు ఆగుట విధి; బండిలోని యంత్రము ఆ లెక్కను వ్రాయుచుండును.

గంటల లెక్క మంచిదే. కాని శాస్త్రము మరియొక ప్రశ్న అడుగుచున్నది: ఏ గంటలు? ఉదయము 8 నుండి సాయంకాలము 4 వరకు నడిపిన 8 గంటలును, రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు నడిపిన 8 గంటలును గోడగడియారమునకు సమానము. జీవగడియారమునకు సమానము కావు. దూరపు లారీకి ఇద్దరు డ్రైవర్లుండుట, రాత్రి 2 నుండి 5 వరకు బండి నిలుపుటకు ప్రయాణకాలములోనే వ్యవధి ఇచ్చుట, రహదారి ప్రక్కన దీపములు, నీరు, నీడ గల నిలుపుదల స్థలములు ఏర్పరచుట అవసరము. చోటు లేక రోడ్డు అంచున నిలిపిన లారీయే వెనుక వచ్చు నిద్రమత్తు డ్రైవరుకు మృత్యువగుచున్నది. రోడ్డు అంచున గరగరలాడు గీతలు వేయుట కూడ మేలు. చక్రము వానిపైకి పోయినపుడు కలుగు అదురు డ్రైవరును మేలుకొలుపును.

ఇది లారీలకు మాత్రమే చెందిన సంగతి కాదు. ఆసుపత్రి నర్సు, రైలు డ్రైవరు, కర్మాగారపు కూలీ, విద్యుత్కేంద్రపు ఉద్యోగి అందరును ఈ గడియారమునకు లోబడినవారే. భోపాల్ విషవాయువు 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరాత్రి వెలువడినది. చెర్నోబిల్ అణుకేంద్రము 1986 ఏప్రిల్ 26న రాత్రి 1 గంట 23 నిమిషములకు ప్రేలినది. వీని కారణములు పెక్కు. నిద్ర ఒక్కటే అనరాదు. ఐనను మనుష్యుని మెదడు మందగించు వేళయందు అపాయమును కనిపెట్టి అరికట్టు భారము మనుష్యునిపైననే పడినదని గమనింపవలెను. ఏండ్లతరబడి రాత్రిపని చేయువారి ఆరోగ్యమునకును కీడు కలుగుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లోను, మరల 2019లోను రాత్రిపనిని 'బహుశా క్యాన్సరు కారకము' అను తరగతిలో చేర్చినది.

తరగతిలో చేయదగిన రెండు ప్రయోగములు

ఉపాధ్యాయులు ఈ విషయమును మాటలతో చెప్పి విడువక, విద్యార్థులచే పరిశీలింపజేయవచ్చును.

మొదటిది: ఒకరు 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకొనవలెను. రెండవవారు సున్న గుర్తువద్ద బొటనవ్రేలు, చూపుడువ్రేలు తాకకుండ ఉంచవలెను. చెప్పకుండ స్కేలు విడువగనే పట్టుకొనవలెను. పడిన దూరమును బట్టి, s = ½gt² అను సూత్రముతో కాలము కట్టవచ్చును. 15 సెంటీమీటర్లు పడినచో 0.17 సెకను, 20 అయినచో 0.20 సెకను, 30 అయినచో 0.25 సెకను. ఉదయము లేవగనే, పది గంటలకు, మధ్యాహ్నము మూడింటికి, రాత్రి పడుకొనబోవు ముందు పదేసి మార్లు చేసి సగటు తీయుడు. వేళను బట్టి చేతి వేగము మారుచున్నదేమో చూడుడు.

రెండవది: మెలకువగానున్నంతవరకు ప్రతి మూడు గంటలకు ఒకసారి థర్మామీటరుతో శరీరోష్ణతను కొలిచి, మూడు దినములు గ్రాఫు గీయుడు. జ్వరము లేని ఆరోగ్యవంతునిలో కూడ ఆ గీత సమముగానుండక, ఉదయము తగ్గి సాయంకాలము హెచ్చుచుండును. అదియే మీ లోపలి గడియారపు ముల్లు. ఈ ప్రయోగములకై నిద్ర మేలుకొనవలసిన పని లేదు; మేలుకొనరాదు కూడ.

డ్రైవరుగారు తరువాతి నెలలో మరల కనపడినపుడు ఈ సంగతులన్నియు చెప్పితిని. "మీది బద్ధకము కాదండీ. నాలుగింటికి మీ ఒళ్ళు చెప్పేది నిజం. ఆరింటికి వచ్చే హుషారే మోసం," అంటిని. ఆయన కొంచెముసేపు ఆలోచించి, "అయితే పగలు మా ఇంట్లో టీవీ ఆపమని మావాడికి మీరే చెప్పండి మాస్టారూ," అని నవ్వినారు. చెప్పితిని. రాత్రి పనిచేసి వచ్చినవారు మీ ఇంట ఉన్నచో, వారి గది తలుపు మూసి, కిటికీకి మందమైన తెర కట్టి, ఫోను దూరముగా పెట్టుడు. ఆ చీకటిలో వారు తీర్చుకొను బాకీ, ఆ రాత్రి రహదారిపై వారికిని, ఎదురు వచ్చు మనవంటివారికిని ప్రాణరక్షణ.